ఆయాసం రాలేదంటే సిద్ధమైపోయినట్టేనా?

"అక్కా, పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తినా నాకు ఆయాసమే రావట్లేదు. ఇంకో తొమ్మిదెంత?"

రెండేళ్ల కిందట సెప్టెంబరులో మా తమ్ముడు ఫోన్‌లో అన్న మాట ఇది. వాడు సిరుసేరిలో ఉద్యోగం చేస్తాడు, నేను అడయార్‌లో ఉంటాను. జనవరిలో జరిగే చెన్నై మారథాన్‌లో ఇద్దరం హాఫ్‌కి, అంటే 21 కిలోమీటర్ల పరుగుకి పేర్లు రాయించుకున్నాం. వాడు పరుగు మొదలుపెట్టి అప్పటికి ఆరు వారాలు. ఏడో వారం ఆదివారం పొద్దున బీసెంట్ నగర్ బీచ్ రోడ్డులో కుడి కాలు కింద మోపలేక ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు. మోకాలికీ చీలమండకీ మధ్య, ముందువైపు ఎముక మీద వేలు పెట్టి "ఇక్కడే" అన్నాడు. ఆ చోటు రూపాయి బిళ్లంత కూడా లేదు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. మొదట చూపించుకున్న చోట కండరం పట్టేసిందన్నారు, వారంలో తగ్గిపోతుందన్నారు. తగ్గలేదు. ఎంఆర్ఐ తీస్తే స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. ఎముకలో వెంట్రుకవాసి పగులు.

ఊపిరి అంత హాయిగా ఆడుతున్న మనిషికి ఎముక ఎందుకు పగిలింది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే, తొలి హాఫ్ మారథాన్ గురించి వినిపించే సలహాల్లో సగం చిక్కు విడిపోతుంది. నెమ్మదిగా పరిగెత్తమని ఒకరంటారు, అలా అయితే ఎప్పటికీ వేగం రాదని ఇంకొకరంటారు. నీళ్లు బాగా తాగమంటారు, ఎక్కువ తాగొద్దంటారు. వినేవాళ్లకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. అసలు సంగతి ఏమిటంటే, మన ఒంట్లో భాగాలన్నీ ఒకే వేగంతో పరుగుకు అలవాటు పడవు. ముందు అలవాటు పడేదాన్ని చూసి ఒళ్లంతా సిద్ధమైందనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు.

ముందు దూరం సంగతి. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పెట్టిన మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1921లో దాన్నే ప్రామాణికంగా ఖాయం చేశారు. అందులో సగం 21.0975. మనలాగా కిలోమీటరుకు ఏడు, ఏడున్నర నిమిషాలు తీసుకునేవాళ్లు ఆ దూరంలో సుమారు 25 వేల అడుగులు వేస్తారు. అడుగు పడిన ప్రతిసారీ ఒంటి బరువుకు రెండింతలకు పైగా బలం కాలి మీద పడుతుంది. మా తమ్ముడు 78 కిలోలు. ఒక్కో కాలి మీద పన్నెండు వేల సార్లకు పైగా, ప్రతిసారీ నూటయాభై కిలోలకు మించిన దెబ్బ.

ఇప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. పరుగు మొదలుపెట్టిన వారం పది రోజుల్లోనే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు తిరిగేసరికి కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి. ఆక్సిజన్ వాడుకుని శక్తి తయారుచేసే మైటోకాండ్రియా ఎక్కువవుతాయి. మొదటి వారం వీధి చివరికే రొప్పిన మనిషి రెండో నెలకి కబుర్లు చెప్పుకుంటూ పరిగెడతాడు. ఈ మార్పు మనకు తెలుస్తుంది. అందుకే అంత హుషారొస్తుంది.

టెండన్లది వేరే లెక్క. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే ఈ తాళ్లకు రక్తప్రసరణ తక్కువ, గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఎముక ఇంకా నిదానం, పైగా దాని పద్ధతే విచిత్రం. పాత గోడకు ప్లాస్టరింగ్ చేయాలంటే మేస్త్రి ముందు పెచ్చులు లేచిన పాతదంతా గీకేస్తాడు. ఆ రెండు రోజులూ గోడ ముందుకంటే అధ్వానంగా ఉంటుంది. ఎముకా అంతే. కొత్త బరువు మోయాల్సి వచ్చినప్పుడు, అలసిన చోట పాత ఎముకను ముందు తవ్వి తీసేస్తుంది. ఆ తవ్వకం కొన్ని వారాల్లో అయిపోతుంది. ఖాళీని కొత్త ఎముకతో నింపి గట్టిపరచడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. మధ్యలో ఆ చోటు మామూలుకంటే బలహీనం. ఊపిరి సర్దుకుని హుషారు పెరిగే ఆరు, ఏడు వారాల కాలమూ, ఎముక గీకిన గోడలా ఉండే కాలమూ సరిగ్గా ఒకటే. మా తమ్ముడు కూలబడింది ఏడో వారం.

కాలి ముందువైపు నొప్పి అందరికీ వస్తుంది, అన్నీ పగుళ్లు కావు. ఎముక పొడుగునా జానెడు మేర సలుపుతూ, ఒళ్లు వేడెక్కాక తగ్గితే చాలావరకు షిన్ స్ప్లింట్స్, అంటే పగులు లేని ఒత్తిడి నొప్పి. పరుగు తగ్గించి, కొన్నాళ్లు విశ్రాంతి ఇస్తే సర్దుకుంటుంది. వేలితో ఒక్క చోట చూపించగలిగే నొప్పి, పరిగెత్తేకొద్దీ పెరిగే నొప్పి, రాత్రి పడుకున్నా వదలని నొప్పి అయితే ఆగిపోవాల్సిందే. కొత్త పగులు ఎక్స్‌రేలో కనపడకపోవడం మామూలే. కాబట్టి ఎక్స్‌రే బాగుందన్న ధీమాతో మళ్లీ రోడ్డెక్కొద్దని నా గట్టి మనవి.

మరి దూరం ఎంతెంత పెంచాలి? వారానికి పది శాతానికి మించి పెంచొద్దని అందరూ చెబుతారు. ఈ సూత్రానికి ఉన్నంత పేరు, దాని వెనక రుజువుకు లేదు. నెదర్లాండ్స్‌లో కొత్త రన్నర్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పది శాతం లెక్కన నిదానంగా, రెండో జట్టుకు వేగంగా దూరం పెంచి చూశారు. 2008లో వచ్చిన ఫలితం ప్రకారం రెండు జట్లలోనూ దాదాపు ఐదుగురిలో ఒకరికి గాయాలయ్యాయి. 2025లో ఐదు వేల మందికి పైగా రన్నర్ల వాచీల సమాచారం తీసి చూసిన మరో పరిశోధన అసలు కీలకాన్ని పట్టుకుంది. వారం మొత్తం ఎంత పెంచారన్నది అంతగా తేడా చూపలేదు. గత 30 రోజుల్లో పరిగెత్తిన అతి పొడవైన పరుగు కంటే ఏ ఒక్క పరుగైనా పది శాతం మించితే గాయం ముప్పు పెరిగింది. రెట్టింపుకు మించి దూకినవాళ్లలో ఆ ముప్పు రెండింతలు దాటింది. అంటే చూసుకోవాల్సింది ముఖ్యంగా ఆదివారం పరుగు. మా తమ్ముడి వాచీ తీసి చూస్తే ఏడు కిలోమీటర్ల నుంచి ఒక్క వారంలో పన్నెండుకి దూకాడు, పక్కన ఆఫీసు స్నేహితులు ఉన్నారని.

ఈ లెక్కతోనే క్యాలెండర్ వేయొచ్చు. ఇవాళ ఆగకుండా ఐదు కిలోమీటర్లు పరిగెత్తగల మనిషి, ఆదివారం పరుగును పది శాతం చొప్పున పెంచుకుంటూ 18 కిలోమీటర్లకు చేరడానికి పద్నాలుగు వారాలు. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించే పద్ధతి కలిపితే పద్దెనిమిది. రేసుకు ముందు ఒంటికి విశ్రాంతినిచ్చే రెండు వారాలు కూడా వేసుకుంటే ఇరవై. జనవరి మొదట్లో రేసు అంటే ఆగస్టు 15 జెండా వందనం నాటికే మొదలుపెట్టాలి. ఐదు కూడా పరిగెత్తలేని వాళ్లు అంతకు రెండు నెలలు ముందు. రేసుకు ముందే 21 పరిగెత్తి చూసుకోవాల్సిన పని లేదు, 16 నుంచి 18 చాలు.

అక్టోబరు వచ్చాక చెన్నైలో క్యాలెండర్ మన చేతిలో ఉండదు. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా తడిపి వదులుతాయి. వేళచ్చేరి వైపు వీధుల్లో మోకాలి లోతు నీళ్లుంటే రెండు ఆదివారాలు ఇట్టే పోతాయి. పోయిన రెండు వారాల దూరాన్ని మూడో ఆదివారం కలిపేసి పరిగెత్తాలన్న ఆరాటమే పైన చెప్పిన దూకుడు. పోయింది పోనివ్వాలి. ఇంట్లో గోడకానుకుని మునివేళ్ల మీద లేచి దిగే వ్యాయామం, గుంజీళ్లు చేసుకుంటే పిక్కలు, తొడలు బలపడతాయి. ఆ రోజుల్లో అంతకంటే మంచి పని లేదు.

ఇక నెమ్మది సంగతి. నెమ్మదిగా పరిగెత్తినా గుండెకు, రక్తనాళాలకు కావాల్సిన మేలు చాలావరకు అందుతుంది, ఎముకలకు, టెండన్లకు పడే దెబ్బ మాత్రం తగ్గుతుంది. నార్వేలో పనిచేసే శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్ ప్రపంచస్థాయి క్రీడాకారుల సాధనను గమనించి, వాళ్లు కూడా దాదాపు ఎనభై శాతం తేలిగ్గానే చేస్తారని చూపించారు. తేలిక అంటే ఎంత తేలిక? చిన్నప్పుడు బడిలో బట్టీపట్టిన ఆటవెలది పద్యం ఒకటి గుర్తు తెచ్చుకోండి. పరిగెడుతూ ఒక్కో పాదం ఒక్క ఊపిరిలో, రొప్పకుండా చెప్పగలిగితే అది మీ తేలిక వేగం. పాదం మధ్యలో ఊపిరి అందకపోతే తగ్గించాలి. వాచీ కన్నా ఈ పరీక్ష నాకు బాగా పనికొచ్చింది. మధ్యలో నడిస్తే పరువు పోతుందని కూడా అనుకోనక్కర్లేదు. 1972 ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున పరిగెత్తిన జెఫ్ గాలోవే, కొంత పరుగు కొంత నడక పద్ధతిని దశాబ్దాల పాటు వేలమందికి నేర్పించారు.

నా ఇబ్బంది తమ్ముడి ఇబ్బందికి పూర్తిగా తలకిందులు. నేను వాడికంటే ముందే, ఏప్రిల్‌లో మొదలుపెట్టాను. మూడు నెలలైనా రెండు కిలోమీటర్లకే ఊపిరి అందేది కాదు. వయసు అనుకున్నాను, బద్ధకం అనుకున్నాను. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.6. ఆక్సిజన్ మోసే బండ్లే తక్కువైతే గుండె ఎంత కొట్టుకుని ఏం లాభం? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల మన ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. పరుగు మొదలుపెట్టే ప్రతి ఆడమనిషీ బూట్ల కన్నా ముందు హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్షలకు డబ్బు ఖర్చుపెట్టాలని నేను అందరికీ చెబుతాను. డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తే ఇంకో జాగ్రత్త ఉంది. మాత్ర వేసుకున్న గంటలోపు కాఫీ, టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. మైలాపూర్ ఫిల్టర్ కాఫీకి అలవాటు పడ్డ నాలుకకు ఇది చిన్న త్యాగం కాదు, కానీ నిమ్మకాయ నీళ్లతో మాత్ర వేసుకుని కాఫీని రెండు గంటలు వెనక్కి జరిపాక నాకు తేడా తెలిసింది.

ఊపిరి, ఎముక తర్వాత మూడో సంగతి చెన్నై గాలి. బెంగళూరులో ఉండే మా పిన్ని కూతురిదీ దాదాపు నా వయసే, నాలాగే కొత్త. తను నాకంటే కిలోమీటరుకు అరనిమిషం ముందుండేది. ఆ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, పొద్దున గాలి చల్లగా, మన గాలి కంటే పొడిగా ఉంటుంది. మనది ఉక్క. ఉక్క ఎందుకంత దెబ్బతీస్తుందో లెక్కగా చూస్తే భయం తగ్గి జాగ్రత్త పెరుగుతుంది. 70 కిలోల మనిషి కిలోమీటరు పరిగెడితే సుమారు 70 కిలో కేలరీలు ఖర్చవుతాయి. అందులో నాలుగో వంతే కదలికకు పనికొస్తుంది, మిగతాదంతా వేడి. ఆ వేడి బయటికి పోయే దారే లేకపోతే ఒక్కో కిలోమీటరుకూ ఒంటి ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగిపోతుంది! మనల్ని కాపాడేది చెమట. ఒక లీటరు చెమట ఆవిరైతే 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. ఆవిరైతేనే. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆవిరి కాక కారిపోతుంది, కారిన చుక్క చల్లబరచదు. ఆగస్టు పొద్దున ఐదింటికి ఎలియట్స్ బీచ్ పక్కన గంటసేపు పరిగెత్తి చూడండి. ముంజేతి మీంచి ధారగా కారి వేళ్ల చివర బొట్లు కడుతుంది, సాక్సు నాని ప్రతి అడుగుకూ బూటు చప్పుడు చేస్తుంది. అంత చెమటా ఖర్చే, చల్లదనం కొంతే.

ఒళ్లు చల్లబడటానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో రక్తంలో ద్రవం తగ్గుతుంది, అదే వేగానికి గుండె ఇంకా ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. అందుకే మొదటి అరగంటలో 140 ఉన్న నాడి, వేగం పెంచకపోయినా గంటన్నర తర్వాత 160 చూపిస్తుంది. అది మీ చేతకానితనం కాదు. ఉక్క రోజున వాచీలో వేగం చూసి కుమిలిపోకుండా పద్యం పరీక్షకే కట్టుబడండి. రోజంతా ఏసీలో కూర్చునే ఒళ్లు కూడా పది పద్నాలుగు రోజులు వరసగా బయట పరిగెడితే వేడికి చాలావరకు అలవాటు పడుతుంది.

నీళ్ల గొడవ కూడా ఇక్కడే తేలుతుంది. పరుగుకు ముందు, గంట పరుగయ్యాక ఒళ్లు తుడుచుకుని, బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు చెమట. నాకు సెప్టెంబరులో గంటకు 900 గ్రాములు, తమ్ముడికి కిలోన్నర. ఒకే సలహా ఇద్దరికీ ఎలా సరిపోతుంది? పోయినదంతా పరుగులోనే తిరిగి పోసుకోనక్కర్లేదు. అతిగా తాగడమూ ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్ పూర్తిచేసినవాళ్లలో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం ఉండాల్సినదానికంటే పడిపోయింది. పరుగులో బరువు పెరిగేంతగా తాగినవాళ్లకు ఆ ముప్పు ఎక్కువగా ఉంది. దాహానికి తగ్గట్టు, కొంచెం కొంచెంగా, ఉప్పుతో కలిపి తాగితే చాలు. కొబ్బరి నీళ్లు మంచివే గాని వాటిలో పొటాషియం ఎక్కువ, చెమటలో పోయే సోడియం తక్కువ. ఉప్పేసిన మజ్జిగ పరుగయ్యాక హాయి. పరుగు మధ్యలో నేను ఓఆర్ఎస్ పొడి కలుపుకుంటాను. ఇందులో పేరు చూసి మోసపోవద్దు. పంచదార నీళ్లకు ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. అందులో ఉప్పూ చక్కెరా ఆ ఫార్ములా కొలత ప్రకారమే ఉంటాయి.

తిండి విషయంలో భయం అనవసరం. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం రూపంలో సుమారు రెండు వేల కిలో కేలరీలు నిల్వ ఉంటాయి. 70 కిలోల మనిషికి హాఫ్ ఖర్చు సుమారు 1,480, అందులో కొంత కొవ్వు నుంచీ వస్తుంది. ఫుల్ మారథాన్‌లో ముప్పై దాటాక ఇంధనం అయిపోయి కుప్పకూలడం లాంటిది ఇక్కడ మామూలుగా జరగదు. ముందురోజు రాత్రి బిరియానీ జోలికి పోకుండా పెరుగన్నం, పొద్దున రెండు గంటల ముందు రెండు మూడు ఇడ్లీలు, దారిలో గంట దాటాక ఒక అరటిపండు లేదా రన్నర్లు వాడే ఎనర్జీ జెల్. సాధన రోజుల్లో తిని చూడని వస్తువు రేసు రోజున నోట్లో పెట్టొద్దు.

మరి పదహారో కిలోమీటరు దగ్గర అంతమంది ఎందుకు నడకలో పడతారు? ఇంధనం ఉంది కదా? నేను చూసినంతలో, ఆ పదహారో కిలోమీటరు కష్టం మొదటి మూడింటిలోనే తయారవుతుంది. చీకట్లో డప్పులు, వేల మంది జనం, చుట్టూ ధనుర్మాసపు చల్లగాలి. కిలోమీటరుకు ఏడున్నర అనుకున్న మనిషి తెలియకుండానే ఆరున్నరలో పోతుంటాడు, తేలిగ్గానే ఉంటుంది. ఆ తేలిక మళ్లీ ఊపిరి చెప్పే మాటే. తొడ కండరాల్లో ప్రతి అడుగుకూ సన్నటి చీలికలు ఏర్పడుతూనే ఉంటాయి, అవి గంటన్నర తర్వాత గాని బయటపడవు. ఈలోగా సూర్యుడు పైకొస్తాడు. 2020లో ఢిల్లీలో మన దేశపు రన్నర్ అవినాశ్ సాబ్లే ఈ దూరాన్ని 60 నిమిషాల 30 సెకన్లలో ముగించాడు. మనం రెండున్నర గంటలకు పైగా రోడ్డు మీదే ఉంటాం కాబట్టి ఎండ పడేది ముఖ్యంగా మన మీద. మొదటి ఐదు కిలోమీటర్లూ అనుకున్న వేగం కంటే పది, పదిహేను సెకన్లు నెమ్మదిగా పోయినవాళ్లు చివర్లో అంతకు ఎన్నో రెట్లు తిరిగి రాబట్టుకుంటారు. తొడలకూ చంకలకూ వాసెలిన్ రాసుకోవడం మరవొద్దు, ఉప్పు చెమట ఒరిపిడి మంట మూడు రోజులుంటుంది. నొప్పి వస్తుందేమోనని ముందే ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు మింగేవాళ్లను చూశాను. నీళ్లు తగ్గిన ఒంట్లో అవి మూత్రపిండాలను దెబ్బతీయగలవు, దయచేసి వద్దు.

రేసు ముందు వారం నెల్లూరు నుంచి అమ్మ రోజూ ఫోన్ చేసింది. "పరిగెడుతూ పరిగెడుతూ గుండె ఆగి పోతున్నారంటమ్మా, టీవీలో చూపించారు." ఆమె భయం తీసిపారేయాల్సింది కాదు, దాని కొలత తెలియాలి. అమెరికాలో 2000 నుంచి 2010 దాకా మారథాన్లు, హాఫ్ మారథాన్లు పరిగెత్తిన ఒక కోటీ తొమ్మిది లక్షల మందిలో గుండె ఆగినవాళ్లు 59 మంది. హాఫ్‌లో ముప్పు ఫుల్ కన్నా బాగా తక్కువ. అయితే మనవాళ్లకు గుండెజబ్బు చిన్న వయసులోనే వస్తుంది. నలభై దాటినా, ఇంట్లో ఎవరికైనా త్వరగా గుండెపోటు వచ్చినా, బీపీ షుగర్ ఉన్నా, డాక్టరు దగ్గరకు వెళ్లాకే బూట్లు కట్టుకోవాలి. పరుగులో ఛాతీ బరువెక్కినా, కళ్లు తిరిగినా అక్కడికక్కడే ఆగాలి. నా రిపోర్టులన్నీ అమ్మకు ఫోన్‌లోనే చదివి వినిపించాను.

ఆ జనవరిలో తమ్ముడు చేతికి వాచీ లేకుండా రోడ్డు పక్కన నిలబడి నాకు నీళ్లందించాడు. నేను 2 గంటల 41 నిమిషాల్లో పూర్తిచేశాను. వాడు మార్చిలో నడకతో మళ్లీ మొదలుపెట్టి, పైన చెప్పిన క్యాలెండర్ ప్రకారమే వెళ్లి, మరుసటి జనవరిలో పరిగెత్తాడు. గీత దాటగానే వెంటనే కూర్చోబోతే చెయ్యి పట్టుకుని పది నిమిషాలు నడిపించాను. పరిగెడుతున్నంతసేపూ పిక్కలు పిండుతూ రక్తాన్ని పైకి పంపుతాయి, ఉన్నట్టుండి ఆగితే ఆ రక్తం కాళ్లలోనే నిలిచిపోయి కళ్లు బైర్లు కమ్ముతాయి. "ఇప్పుడు ఆయాసం వస్తోందక్కా" అన్నాడు. తర్వాత రెండు రోజులు వాళ్ల అపార్ట్‌మెంట్ మెట్లు వెనక్కి తిరిగి దిగాడు, లిఫ్ట్ ఉన్నా. వారం దాకా పరుగు వద్దన్నాను. ఎనిమిదో రోజు పొద్దున ఐదింటికి వాడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, మూడు కిలోమీటర్లు, నెమ్మదిగా.